శనివారం గొంతు ఎవరిది?

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో నవంబరు మొదటి ఆదివారం గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పుతారు. దాంతో అయోవా లాంటి రాష్ట్రాల్లో సాయంత్రం ఐదింటికల్లా పొద్దు గూకిపోతుంది. కాలేజీ ఫుట్‌బాల్‌ను (మన ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్) రేడియోలో వినేవాళ్ళకు ఇదొక పాత తలనొప్పి. శనివారం మధ్యాహ్నం రెండున్నరకు మొదలైన ఆట దాదాపు మూడున్నర గంటలు సాగుతుంది. ఆటలోని నాలుగు క్వార్టర్లలో మూడోది ముగిసే వేళకు చీకటి పడుతుంది. సరిగ్గా అప్పుడే ఊళ్ళోని చిన్న ఏఎం (మీడియం వేవ్) స్టేషన్ తన ట్రాన్స్‌మిటర్ పవర్ తగ్గించాలి. కొన్నయితే పూర్తిగా మూసెయ్యాల్సిందే. ఆట ఎంత టెన్షన్‌గా ఉన్నా మినహాయింపు లేదు.

ఇందులో స్టేషన్ తప్పేమీ లేదు. పగటిపూట ఏఎం తరంగాలు నేలను అంటిపెట్టుకుని కొంత దూరం పోయి ఆగిపోతాయి. పొద్దు వాలాక పైన అయనావరణంలో వాటిని పీల్చుకునే పొర పలచబడిపోతుంది. అప్పుడు అవే తరంగాలు ఆకాశాన్ని తాకి వందల మైళ్ళ అవతల దిగుతాయి, అక్కడ అదే ఫ్రీక్వెన్సీలో ఉన్న ఇంకో స్టేషన్ మీద పడతాయి. అందుకే ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ సూర్యాస్తమయాన్ని లెక్కలోకి తీసుకుని నిబంధనలు పెట్టింది. రాత్రి కూడా 50,000 వాట్ల పూర్తి బలంతో మోగే హక్కు కొన్ని పెద్ద స్టేషన్లకే ఉంటుంది. అయోవా రాజధాని డి మొయిన్‌లోని డబ్ల్యూహెచ్‌ఓ అలాంటిది. దాని ఫ్రీక్వెన్సీ 1040 కిలోహెర్ట్జ్.

సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఫుట్‌బాల్ సీజన్. అయోవాలో మొక్కజొన్న, సోయా కోతలూ సరిగ్గా అప్పుడే. శనివారం ఆట ఉందని కోత ఆగదు. కోత మిషన్ క్యాబిన్‌లో కూర్చున్న రైతుకు స్టీరింగ్ వదిలి టీవీ చూసే వీలుండదు, రేడియో వినే వీలుంటుంది. అయోవా నుంచి పెద్ద లీగుల్లో ఆడే ప్రొఫెషనల్ జట్టు ఒక్కటి కూడా లేదు, ఫుట్‌బాల్‌లో కానీ బాస్కెట్‌బాల్‌లో కానీ బేస్‌బాల్‌లో కానీ. కాబట్టి అక్కడ 'మన జట్టు' అంటే యూనివర్సిటీ జట్టే. అయోవా సిటీలోని యూనివర్సిటీ ఆఫ్ అయోవా జట్టును హాకైస్ అంటారు. ఏమ్స్‌లోని అయోవా స్టేట్ యూనివర్సిటీకి వేరే జట్టు, వేరే అభిమానులు, రెంటికీ పడదు. హైదరాబాదు నుంచో గుంటూరు నుంచో ఎంఎస్‌కు వెళ్ళిన మన పిల్లలకు మొదటి సెప్టెంబరులో అర్థంకానిది ఇదే. దాదాపు 70 వేల మంది పట్టే కినిక్ స్టేడియం శనివారం నిండిపోతుంది. ఆడేది మాత్రం వాళ్ళతోపాటు అదే క్యాంపస్‌లో చదివే విద్యార్థులు.

చీకటి పడితే సిగ్నల్ పోయే చిక్కును చాలా స్టేషన్లు ఇప్పుడు దాటేశాయి. ఏఎం ప్రసారాన్నే ఒక చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌లేటర్ (తక్కువ పవర్‌తో తిరిగి ప్రసారం చేసే యంత్రం) ద్వారా కూడా ఊరికి వినిపించడానికి 2009 నుంచి అనుమతి ఉంది. తీరని చిక్కు ఇంకొకటి. లోకల్ స్టేషన్ నుంచి శనివారం వినపడే ఆ గొంతు అసలు ఎవరిది?

మొదట్లో ఈ ప్రశ్నే లేదు. పిట్స్‌బర్గ్‌లోని కేడీకేఏ స్టేషన్ నుంచి హెరాల్డ్ ఆర్లిన్ 1921 అక్టోబరు 8న పిట్ (పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ), వెస్ట్ వర్జీనియా జట్ల ఆటను చెప్పాడు. అతను వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఇంజనీరు, కామెంట్రీ అతని ఉద్యోగం కాదు. అదే ఏడాది నవంబరులో టెక్సస్ ఎ అండ్ ఎం కాలేజీ ఆటను అక్కడి హామ్ రేడియో ఔత్సాహికులు మోర్స్ కోడ్‌లో, టకటకమని చుక్కలూ గీతలుగా పంపారు. స్టేషన్ మనిషి మైదానానికి వెళ్తాడు, చూసింది చెప్తాడు. అప్పటి ఏర్పాటంతా అంతే.

అయోవా కథలో ఒక పెద్ద పేరే ఉంది. 1932లో డావెన్‌పోర్ట్‌లోని డబ్ల్యూఓసీ స్టేషన్‌కు ఉద్యోగం అడగడానికి ఒక కుర్రాడు వచ్చాడు. 'ఊరికే మైకు ముందు నిలబడి, ఒక ఫుట్‌బాల్ ఆట జరుగుతున్నట్టు చెప్పు, నాకు కనపడాలి' అన్నట్టుగా పరీక్ష పెట్టారు. కుర్రాడు తాను చదివిన చిన్న కాలేజీ ఆడిన ఒక ఆటలోని చివరి క్వార్టర్‌ను గుర్తుచేసుకుని, కాస్త కల్పించి చెప్పాడు. మొదటి హాకైస్ ఆటకు ఐదు డాలర్లు, బస్సు చార్జీ ఇచ్చారు. ఆ తర్వాత అతను డబ్ల్యూహెచ్‌ఓకు మారి, 1937లో హాలీవుడ్‌కు వెళ్ళిపోయాడు. అతనే తర్వాత అమెరికా అధ్యక్షుడైన రోనాల్డ్ రీగన్. డి మొయిన్‌లో ఉన్న రోజుల్లో షికాగో కబ్స్ బేస్‌బాల్ ఆటలను టెలిగ్రాఫ్ చీటీలు చూసి, అక్కడే ఉన్నట్టు చెప్పేవాడు. ఒకసారి మధ్యలో తీగ తెగితే, తిరిగి కలిసేదాకా బ్యాటర్ చేత ఫౌల్ బాల్ (గీత అవతలికి పోయే దెబ్బ) మీద ఫౌల్ బాల్ కొట్టించాడని ఆయనే తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. కంటితో చూడనిదాన్ని చెవికి నిజమనిపించే విద్య అది. రాజకీయాల్లో ఎంత పనికొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అయోవాలో నడిచిన పద్ధతి ఇప్పటివాళ్ళకు వింతగా ఉంటుంది. ఒకే ఆటను నాలుగైదు స్టేషన్లు ఎవరి మనిషిని వాళ్ళు పంపించి చెప్పించుకునేవి. డబ్ల్యూహెచ్‌ఓలో జిమ్ జేబెల్, సీడర్ రాపిడ్స్‌లోని డబ్ల్యూఎంటీలో రాన్ గోండర్, అదే ఊళ్ళో ఇంకో స్టేషన్లో బాబ్ బ్రూక్స్. ప్రెస్ బాక్స్‌లో ఒకరి పక్కన ఒకరు కూర్చుని, అదే బంతిని తలా ఒక రకంగా వర్ణించేవాళ్ళు. వినేవాడు డయల్ తిప్పి తనకు నచ్చిన గొంతు దగ్గర ఆగేవాడు. జేబెల్ సుమారు యాభై ఏళ్ళు హాకైస్ ఆటలు చెప్పాడు. గెలుపు ఖాయమయ్యాక 'మీ రేడియోను కౌగలించుకుని ముద్దు పెట్టుకోండి' అని వినేవాళ్ళకు చెప్పడం అతని అలవాటు. నిష్పాక్షికత అతని దగ్గర వెతికినా దొరకదు, ఎవరూ వెతకలేదు కూడా. అయితే జేబెల్ జీతగాడు డబ్ల్యూహెచ్‌ఓకు, యూనివర్సిటీకి కాదు. కోచ్‌కు అతని మాట నచ్చకపోతే స్టేషన్ మేనేజరుకు ఫిర్యాదు చేసుకోవాలి. మేనేజరు వింటాడో లేదో అతని ఇష్టం.

ఆ రోజుల్లో రేడియోకు అంత బలం రావడానికి టీవీ కూడా కారణమే. స్టేడియానికి జనం రారన్న భయంతో కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ 1950ల మొదట్లోనే టీవీ ప్రసారాల మీద కంట్రోల్ పెట్టింది. వారానికి ఏ ఆటలు చూపించాలో, ఒక జట్టు ఎన్నిసార్లు కనపడాలో సంఘమే తేల్చేది. మిగతా ఆటలన్నిటికీ రేడియో తప్ప దిక్కులేదు. 1984 జూన్‌లో ఓక్లహోమా యూనివర్సిటీ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఈ పద్ధతి పోటీ చట్టానికి విరుద్ధమని 7-2 తేడాతో కొట్టేసింది. అప్పటినుంచి టీవీ గేట్లు తెరుచుకున్నాయి.

రేడియోలో మార్పు అంతకంటే ముందే మొదలైంది. దాన్ని తెచ్చింది యూనివర్సిటీల కన్నా మధ్యలో దూరిన వ్యాపారులు. 1970ల మధ్యలో కెంటకీ యూనివర్సిటీ రేడియో హక్కులను జిమ్ హోస్ట్ అనే వ్యాపారి తీసుకున్నాడు. స్టేషన్లతో ఒప్పందాలు, స్టేడియంలో బోర్డులు, ప్రోగ్రామ్ పుస్తకంలో ప్రకటనలు అన్నీ ఒకే మూటగా కట్టి అమ్మడం అతను కనిపెట్టిన కిటుకు. మిజోరిలో ఇంకో కంపెనీ పుట్టింది. క్లైడ్ లియర్, డెరీ బ్రౌన్‌ఫీల్డ్ అనే ఇద్దరు 1972లో రైతు వార్తలు, పంటల ధరలు స్టేషన్లకు అందించే చిన్న నెట్‌వర్క్ పెట్టుకున్నారు. ఇద్దరి పేర్లూ కలిపి లియర్‌ఫీల్డ్ అన్నారు. 1975లో మిజోరి యూనివర్సిటీ ఆటల హక్కులు తీసుకున్నారు. సోయా ధర చెప్పే తీగ మీదే శనివారం స్కోరూ నడిచిందన్నమాట. హోస్ట్ కంపెనీని 2007లో ఐఎంజీ అనే క్రీడా మార్కెటింగ్ సంస్థ కొనేసింది. ఐఎంజీ కాలేజీ విభాగం, లియర్‌ఫీల్డ్ 2018 చివర్లో కలిసిపోయాయి. ఇవాళ ఆ దేశంలో పెద్ద యూనివర్సిటీల ఆటల రేడియో వెనక ఎక్కువగా ఈ ఒక్క కంపెనీయే ఉంటుంది.

అయోవా ఈ దారిలోకి ఆలస్యంగా వచ్చింది. నాలుగైదు గొంతుల పద్ధతి 1990ల నడిమి దాకా నడిచింది. తర్వాత అధికారిక ప్రసారం ఒక్కటే అన్నారు. గ్యారీ డాల్ఫిన్ 'హాకైస్ గొంతు' అయ్యాడు. జేబెల్, గోండర్, బ్రూక్స్ ఆట చెప్పడం మానుకున్నారు. కాలం కలిసొచ్చినట్టు 1996లోనే టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చి, ఒక కంపెనీకి దేశం మొత్తంలో ఎన్ని స్టేషన్లు ఉండొచ్చన్న పరిమితిని ఎత్తేసింది. క్లియర్ చానల్ లాంటి కంపెనీలు వెయ్యికి పైగా స్టేషన్లు కొన్నాయి. డబ్ల్యూహెచ్‌ఓ కూడా ఆ మూటలోనే పోయింది. ఇప్పుడు దాని యజమాని ఐహార్ట్. ఒక పక్క ఆట గొంతు యూనివర్సిటీ వైపుకు, ఇంకో పక్క స్టేషన్ దూరపు కార్పొరేట్ ఆఫీసుకు జారిపోయాయి. ఊళ్ళో మిగిలింది టవర్.

ఇప్పుడు లెక్క ఎలా నడుస్తుందంటే, హక్కుల కంపెనీ యూనివర్సిటీకి ఏటా ఇంత అని గ్యారంటీ ఇస్తుంది. ఆ డబ్బు రాబట్టుకోవడానికి కామెంటేటర్, విశ్లేషకుడు, సైడ్‌లైన్ రిపోర్టర్, ఇంజనీరు అందరినీ తనే పెట్టుకుని ప్రసారం తయారు చేస్తుంది. రాష్ట్రమంతా ఉన్న అఫిలియేట్ (అనుబంధ) స్టేషన్లకు దాన్ని పంపుతుంది. చిన్న స్టేషన్ చాలాసార్లు డబ్బు కట్టదు, టైమ్ ఇస్తుంది. ఆటకు ముందు కార్యక్రమం, ఆట, తర్వాత కోచ్ ముచ్చట్లు కలిపి శనివారంలో ఐదారు గంటలు అప్పజెప్పాలి. అందులో వచ్చే ప్రకటనల్లో ఎక్కువ భాగం నెట్‌వర్క్‌వి. మధ్యమధ్యలో కొన్ని నిమిషాలు మాత్రం స్టేషన్‌వి. నెట్‌వర్క్‌లో ఒక నిర్ణీత మాట వినపడగానే, స్టూడియోలో ఉన్న మనిషో కంప్యూటరో లోకల్ ప్రకటన వదలాలి. ఎఫ్‌సీసీ నిబంధన ప్రకారం గంటకోసారి స్టేషన్ పేరు చెప్పేది కూడా ఆ సందులోనే.

ఇంత చేసి స్టేషన్‌కు మిగిలేదేమిటని అడగొచ్చు. ఆ కొద్ది నిమిషాల కంటే విలువైనది ఒకటుంది. విత్తనాల డీలరు దగ్గరికో, ఊరి బ్యాంకు మేనేజరు దగ్గరికో యాడ్ అడగడానికి వెళ్ళిన స్టేషన్ సేల్స్ మనిషి 'మేం హాకైస్ స్టేషన్' అని చెప్పుకోగలడు. ఆ ఒక్క మాటతో మిగతా వారమంతా అమ్ముతాడు. ఆట వల్ల నేరుగా వచ్చే డబ్బు తక్కువ. ఆట పేరు చెప్పి వచ్చేదే ఎక్కువ.

దీనికి చెల్లించే మూల్యం మైకు దగ్గర కనపడుతుంది. 2018 నవంబరులో ఒక బాస్కెట్‌బాల్ ఆట విరామంలో మైకు ఆన్‌లో ఉందని గమనించక, సొంత జట్టు ఆటగాడి ఆట గురించి డాల్ఫిన్ విసుక్కున్న మాటలు ప్రసారమైపోయాయి. అతన్ని రెండు ఆటలు పక్కన పెట్టారు. పెట్టింది ఏ స్టేషనూ కాదు. యూనివర్సిటీ తరఫున హక్కులు చూసే కంపెనీ. ఆ మాటలు అనొచ్చా కూడదా అన్నది ఒక చర్చ. ఎవరి చేతిలో బెత్తం ఉందన్నది ఇంకో చర్చ, దాని గురించి తక్కువమంది మాట్లాడారు. జేబెల్ కాలంలోనూ కామెంట్రీ ఏకపక్షమే. కానీ ఒక గొంతు మరీ భజన చేస్తుంటే పక్కన ఇంకో మూడు ఉండేవి. పక్షపాతం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. పోయింది ఆ పక్కవే.

విమర్శ ఎక్కడికి పోయిందంటే, వారం రోజుల టాక్ షోలకు పోయింది. న్యూయార్క్‌లో డబ్ల్యూఎఫ్ఏఎన్ 1987 జూలై 1న 24 గంటల స్పోర్ట్స్ రేడియో మొదలుపెట్టినప్పుడు నవ్వినవాళ్ళున్నారు. ఆ తర్వాత దేశమంతా ఆ పద్ధతే పాకింది. ఇప్పుడు కాలేజీ ఊళ్ళల్లో రెండు స్పోర్ట్స్ స్టేషన్లుంటే ఒక తమాషా చూడొచ్చు. హక్కులున్న స్టేషన్ సోమవారం ఓటమి గురించి ఆచితూచి మాట్లాడుతుంది. హక్కులు లేని స్టేషన్ కోచ్‌ను ఉతికి ఆరేస్తుంది. అందరూ అలాగే అని కాదు. కానీ పంచాయితీ ఎక్కడ గట్టిగా జరుగుతుందో ఫోన్ చేసేవాళ్ళకు తెలుసు. కోచ్ తానుగా వారానికోసారి ఏదో రెస్టారెంటులో కూర్చుని అభిమానుల ప్రశ్నలకు జవాబు చెప్పే కార్యక్రమం కూడా ఉంటుంది. అది హక్కుల కంపెనీ సరుకే. అక్కడ ప్రశ్నలు బిర్యానీలో ఏలకుల్లా వస్తాయి, ఎప్పుడో ఒకటి పంటి కింద పడుతుంది.

మరి లోకల్ స్టేషన్ సొంత గొంతు ఎక్కడ మిగిలింది? శుక్రవారం రాత్రి. ఊరి హైస్కూల్ ఫుట్‌బాల్ శుక్రవారం ఉంటుంది. దాన్ని చెప్పేది స్టేషన్ మనిషే. పొద్దున వాతావరణం, మధ్యాహ్నం మొక్కజొన్న ధర, చావు కబుర్లు చదివిన గొంతే రాత్రి ఆట చెప్తుంది. స్పాన్సర్లు కిరాణా కొట్టు, పిజ్జా షాపు, అంత్యక్రియలు జరిపించే సంస్థ. బంతి పట్టిన కుర్రాడి తాత వింటున్నాడని కామెంటేటర్‌కు తెలుసు. అందుకే ఆ కుర్రాడు బంతి వదిలేసినా మెత్తగా చెప్తాడు. అదీ పక్షపాతమే, కాకపోతే ఊరిది. శుక్రవారం ఇంటి వంట, శనివారం కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకున్నది. రెండోది రుచిగా ఉండదని కాదు. హక్కుల కంపెనీ కామెంటేటర్ పనితనం ఊరి కామెంటేటర్ కంటే చాలా పైన ఉంటుంది. రెండు జట్ల ఆటగాళ్ళ నంబర్లు, ఊళ్ళు, బరువులు రాసుకున్న బోర్డు ముందు పెట్టుకుని, పక్కన వేలితో చూపించే సహాయకుడితో, బంతి ఏ గజం గీత మీద ఉందో, జట్టు డయల్‌కు ఎడమ నుంచి కుడికి పోతోందో కుడి నుంచి ఎడమకు పోతోందో ప్రతిసారీ చెప్తాడు. మధ్యలో ట్యూన్ చేసినవాళ్ళ కోసం స్కోరు మళ్ళీమళ్ళీ చెప్పడం మరిచిపోకుండా, పాత తరం కామెంటేటర్ రెడ్ బార్బర్ మూడు నిమిషాల ఇసుక గడియారం ముందు పెట్టుకునేవాడు. ఆయన మొదలైంది కూడా ఫ్లోరిడా యూనివర్సిటీ స్టేషన్ డబ్ల్యూఆర్‌యూఎఫ్‌లో, 1930లో. తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న కామెంటేటర్లలో విన్ స్కలీ ఫోర్డమ్ యూనివర్సిటీ స్టేషన్లో, బాబ్ కాస్టస్ సిరక్యూస్‌లోని డబ్ల్యూఏఈఆర్‌లో మాట నేర్చుకున్నారు. విద్యార్థుల స్టేషన్లు ఆ దేశపు క్రీడా వ్యాఖ్యానానికి నారుమళ్ళు.

మన దగ్గర ఈ నారుమడే లేదు. 2011 నాటి ఎఫ్ఎం మూడో దశ విధానం ప్రకారం ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లు క్రీడల ప్రత్యక్ష ప్రసారం చేయకూడదు. స్థానిక స్థాయి ఆటల కామెంట్రీ మాత్రం ఇవ్వొచ్చు. అంటే విజయవాడలో జరిగే కాలేజీ కబడ్డీని ఎఫ్ఎంలో చెప్పడానికి చట్టం అడ్డు కాదు. అడ్డంకల్లా యూనివర్సిటీ జట్టు పేరు మీద గుండె కొట్టుకునే జనం లేకపోవడమే. యూనివర్సిటీల మధ్య క్రికెట్ పోటీ రోహింటన్ బారియా ట్రోఫీ 1930ల నుంచి నడుస్తున్నా, ఉస్మానియా ఆడుతోందని ఎవరూ పని మానుకుని రేడియో దగ్గర కూర్చోలేదు.

అమెరికాలో ఇప్పుడు చిన్న స్టేషన్‌కు కొత్త పోటీ తన సొంత నెట్‌వర్కే. లియర్‌ఫీల్డ్ 2021లో వర్సిటీ నెట్‌వర్క్ అనే యాప్ తెచ్చింది. డజన్ల కొద్దీ యూనివర్సిటీల ప్రసారాలు ఫోనులో ఉచితంగా వినొచ్చు. ఇంటర్నెట్ హక్కులు చాలా ఒప్పందాల్లో హక్కుల కంపెనీ దగ్గరే ఉంటాయి. అందుకే శనివారం మధ్యాహ్నం స్టేషన్ వెబ్‌సైట్‌లో లైవ్ నొక్కితే ఆట బదులు ఇంకేదో మోగుతుంది. ఊరు దాటి స్థిరపడ్డ అభిమాని నేరుగా యాప్‌కు పోతాడు. మధ్యలో స్టేషన్ అక్కర్లేదు. ఇంకోవైపు కొన్ని కంపెనీలు కొత్త ఎలక్ట్రిక్ కార్లలో ఏఎం రేడియోనే పెట్టడం మానేశాయి. ఫోర్డ్ 2023లో తీసేస్తామని చెప్పి, గోల పుట్టాక మేలో వెనక్కి తగ్గింది. కార్లలో ఏఎం తప్పనిసరి చేసే బిల్లు ఆ ఏడాదే కాంగ్రెస్‌లో పెట్టారు.

యూనివర్సిటీలకు డబ్బు అవసరం కూడా ఇప్పుడు పెరిగింది. ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్ళు వేసిన 'హౌస్' కేసు రాజీకి 2025 జూన్ 6న కోర్టు ఒప్పుకున్నాక, ఒక్కో యూనివర్సిటీ 2025-26లో సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకూ ఆటగాళ్ళకు నేరుగా పంచవచ్చు. ఆ డబ్బు ఎక్కడినుంచో రావాలి. రేడియో హక్కులు అందులో చిన్న వాటా. చిన్నదే అయినా దాన్ని ఇంకా పిండుతారు. అఫిలియేట్‌కు మిగిలే నిమిషాలు పెరిగే అవకాశం కనపడదు.

వింతేమిటంటే, టీవీ మాత్రం రేడియో పట్ల దయగానే ఉంది. కాలేజీ ఆటలు కొన్ని కేబుల్ చానళ్ళకు, కొన్ని డబ్బు కట్టే స్ట్రీమింగ్ సర్వీసులకు చెదిరిపోయాయి. అయోవా మహిళల బాస్కెట్‌బాల్‌లో కెయిట్లిన్ క్లార్క్ 2024 ఫిబ్రవరి 15న ఎన్‌సీఏఏ మహిళల మొత్తం పాయింట్ల రికార్డు బద్దలుకొట్టిన ఆట పీకాక్ అనే స్ట్రీమింగ్ సర్వీసులో వచ్చింది. చందా లేనివాళ్ళకు పైసా ఖర్చు లేకుండా మిగిలింది రేడియోనే.

టీవీ ఉన్నవాళ్ళలోనూ బొమ్మ అక్కడ, మాట ఇక్కడ అనుకునేవాళ్ళు చాలామంది. టీవీ వాళ్ళ కామెంట్రీ మ్యూట్ చేసి, తమ ఊరి రేడియో పెట్టుకుంటారు. వాళ్ళకొచ్చే ఇబ్బంది ఒక్కటే. మాట ముందు వస్తుంది, బొమ్మ తర్వాత వస్తుంది. స్ట్రీమింగ్ అయితే అర నిమిషం దాకా వెనకబడుతుంది, యాప్ కూడా అంతే. గాలిలో వచ్చే రేడియోకు అంత ఆలస్యం లేదు. వంటింట్లో పాత సెట్టు మోగుతున్న ఇంట్లో, హాల్లో స్ట్రీమింగ్ చూస్తున్నవాళ్ళు లోపలినుంచి వచ్చిన కేక విని ముందే లేచి నిలబడతారు. తెర మీద బంతి విసరాల్సిన క్వార్టర్‌బ్యాక్ చేతిలో బంతి అప్పటికి ఇంకా కదిలి ఉండదు.